చెన్నపురి సముద్రపుటొడ్డు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో మన భాష గొప్పదనమును గూర్చియో, మన పూర్వుల ఘనతను గూర్చియో మాటలాడుట వాడుక. మేము ఈ సాయంకాలము బీచి షికారును గూర్చి మాటలాడదలచినాము. ఇదేమి ఉగాది ప్రసంగమని పెద్దలు నవ్వుకొనవచ్చును. కొంచెము ఓపిక పట్టి వినుడు. మాట చివరకు భాష దగ్గరకే వచ్చును.

మన ఇండ్లకు ఏటేట బంధువులు వస్తూనే ఉందురు. విజయవాడ నుండి మేనత్తగారు వత్తురు, హైదరాబాదు నుండి వియ్యాలవారు వత్తురు. వచ్చిన మరునాడే “బీచికి ఎప్పుడు తీసుకొనిపోయెదరు?” అందురు. తీసుకొనిపోవుదుము. నాయకుల సమాధులు చూపుదుము. పిల్లలు అలలలో కాళ్లు తడుపుకొందురు. సుండల్ పొట్లమొకటి, మిరపకాయ బజ్జీలు నాలుగు తిని, గవ్వల దండ కొని, చీకటి పడగానే ఇల్లు చేరుదుము. ఏమి చూచినారని ఎవరైన అడిగితే మేనత్తగారు “సముద్రము చూచినాము” అని చెప్పును. ఆమె చెప్పినదానిలో తప్పు లేదు. అయితే సముద్రము మచిలీపట్నమున కూడ ఉన్నది, మైపాడున ఉన్నది, విశాఖలో కొండలతోసహా ఉన్నది. చెన్నపట్నము దాక వచ్చినవారు చూడవలసినది ఇక్కడి ఒడ్డు. ఆ ఒడ్డును చూపవలసినవారము మనము. దానిని గూర్చి మనకే తెలియకపోతే వారికి ఏమి చూపగలము?

మొదట ఈ ఇసుక సంగతి చెప్పుకొందము. ఈ పట్టణము పుట్టినపుడు ఇంత ఇసుక మైదానము లేదు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు వర్తకులకు ఇక్కడ చోటిచ్చినాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్నమన్న పేరు వచ్చినది. చోటు దొరికినదే కాని ఓడలకు చాటు దొరకలేదు. మనకు ఇక్కడ లోతైన అఖాతము గాని, అడ్డుగా కొండ గాని లేదు. బంగాళాఖాతపు అలలు సూటిగా వచ్చి ఒడ్డును కొట్టెడివి. ఓడలు దూరముననే లంగరు వేసుకొనెడివి. మనుష్యులను, సరుకులను మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చవలసి వచ్చెడిది. ఆ పడవలకు మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టెడివారు. అల కొట్టినపుడు అవి విరుగక వంగి సాగి నిలుచుకొనెడివి. మేకు కొట్టిన పడవ పగిలిపోవు చోట కుట్టిన పడవ బ్రతికి బయటపడెడిది.

రెండు వందల ఏండ్లకు పైగా ఇట్లు గడిచిన తరువాత రేవు కట్టవలెనన్న పని గట్టిగా పట్టినారు. 1870ల నడుమ సముద్రములోనికి గోడలు వేయ మొదలిడినారు. పని దాదాపు ముగియవచ్చిన సమయమున 1881 నవంబరు తుపాను ఆ గోడలను పడగొట్టినది. మరల కట్టినారు. ఆ గోడల వలన ఎవరును కోరని పని ఒకటి జరిగినది. మన తూర్పు తీరమున ఏడాదిలో ఎక్కువ నెలలు నైరుతి గాలి వీచును. ఆ గాలికి లేచిన అలలు ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి ఇసుకను దక్షిణము నుండి ఉత్తరమునకు నెట్టుకొనిపోవును. ఈశాన్య ఋతుపవనపు నెలలలో కొంత ఇసుక వెనుకకు వచ్చును గాని, లెక్క తేల్చితే ఉత్తరమునకు పోవునదే ఎక్కువ. ఇట్లు పోవుచున్న ఇసుకకు రేవు గోడ అడ్డు తగిలినది. ఇసుక గోడకు దక్షిణమున నిలిచిపోయినది. ఏటికేడు పేరుకొని సముద్రమును తూర్పునకు జరిపినది. ఒకప్పుడు రోడ్డుకు దగ్గరగా ఉన్న అల నేడు చాల దూరము నడిచితే గాని కాలికి తగులదు. 1884లో గవర్నరు గ్రాంటు డఫ్ ఇక్కడ నడకదారి వేయించి, సిసిలీ దీవిలో తాను చూచిన ఒడ్డును తలచుకొని దీనికి మెరీనా అని పేరు పెట్టినాడు.

ఈ కథకు రెండవ ప్రక్క కూడ ఉన్నది. ఇక్కడ నిలిచిపోయిన ఇసుక ఉత్తరమున రాయపురము వైపు చేరలేదు. ఇసుక రాని ఆ ఒడ్డును సముద్రము కోసివేసినది. అక్కడి బెస్తవారు ఇండ్లు పోగొట్టుకొన్నారు. ఇప్పుడు అక్కడ ఇసుకకు బదులు రాళ్ల గట్లు కనబడును. పిల్లలకు మెరీనా అందము చూపునపుడు ఈ మాట కూడ చెప్పవలెను. ఒకచోట పెరిగినది ఇంకొకచోట తరిగినదే.

ఈ ఇసుక ఇక్కడ పుట్టినది కాదు. దారిని పోవుచు ఆగినది, ఆగి నిలిచినది. నేడు దానినే చెన్నపురి ఒడ్డు అని లోకమంతయు అనుచున్నది. మన కుటుంబములు కూడ ఇట్లే వచ్చినవి. కొన్ని నాయక రాజుల కాలమున, కొన్ని వర్తకమునకై, కొన్ని ఉద్యోగమునకై, కొన్ని సినిమా పనికై వచ్చినవి. పత్రికలు మనలను ప్రవాసాంధ్రులు అని వ్రాయును. నాలుగు వందల ఏండ్ల నాడు వచ్చిన ఇంటికిని, నాలుగేండ్ల క్రింద వచ్చిన ఇంటికిని ఆ పేరు ఒక్కటే. వారు ఏ పేరు పెట్టినను సరే, మనము ఈ ఒడ్డును ఎరిగి నడువవలెను. రండు, నడుతము.

కూవము నది సముద్రములో కలియు చోట నేపియరు వంతెన ఉన్నది. అది 1869 నాటిది. అక్కడ బయలుదేరి దక్షిణముగా దీపస్తంభము దాక నడిచితే సుమారు మూడు కిలోమీటర్లు. సాయంకాలము ఎండ వాలిన తరువాత బయలుదేరవలెను. సూర్యోదయము చూడవలెనన్నవారు వేకువనే పోవలెను. సూర్యుడు సముద్రములో నుండి పైకి వచ్చునది ఈ ఒడ్డుననే. పడమటి తీరమున ఉన్న మన బొంబాయి బంధువులకు ఆ భాగ్యము లేదు.

మొదట ఎడమ ప్రక్క సముద్రము వైపు సమాధులు వచ్చును. అణ్ణాదురైగారిది, రామచంద్రన్‌గారిది, జయలలితగారిది, కరుణానిధిగారిది. బంధువులు ఎట్లును చూచెదరు, చూడనిండు. వాటికి దగ్గరలోనే నలుగురు మనుష్యులు ఒక పెద్ద బండను కదల్చుచున్న శిల్పము కలదు. దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారు చేసినది, 1959లో ఆవిష్కరించినారు. అంతకు ముందు 1923 మే 1వ తేదీన సింగారవేలుగారు ఈ తీరముననే మే దినోత్సవము జరిపినారు. మన దేశములో అదే మొదటిది. పిల్లలను ఆ శిల్పము ముందు కాసేపు నిలుపవలెను. ఆ నలుగురి వెన్నులు, పిక్కలు, పట్టు చూడుమనవలెను. వారు ఏ భాషవారో శిల్పి చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడ.

ఇక కుడి ప్రక్క రోడ్డునకు ఆవల చూడుడు. 1857లో స్థాపించిన విశ్వవిద్యాలయము, దాని సెనేటు భవనము, తరువాత చేపాక భవనము, ప్రెసిడెన్సీ కళాశాల వరుసగా వచ్చును. మేనత్తగారి చేయి పట్టుకొని ఇక్కడ ఆపవలెను. ఎందుకనగా ఆమె చిన్ననాట చదివిన తెలుగునకు ఇక్కడితో సంబంధమున్నది.

బాలవ్యాకరణము పేరు వినని తెలుగు పండితుడు లేడు. 1858లో అది వెలువడినది. దానిని వ్రాసిన పరవస్తు చిన్నయసూరి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు. నేడు మనము చూచు భవనము ఆయన తరువాత 1870లో వచ్చినది గాని విద్యాలయము అదే. ఆ చిన్నయసూరి ఎక్కడివాడు? గోదావరి ఒడ్డున పుట్టలేదు, కృష్ణ ఒడ్డున పుట్టలేదు. తమిళదేశములోని పెరంబుదూరున పుట్టినాడు. అనగా మనవంటివాడే. చుట్టుప్రక్కల తమిళము మాటలాడు ఊరిలో పుట్టిన పిల్లవాడు పెద్దవాడై, ఆంధ్రదేశములోని పిల్లలు ఇది ఒప్పు, ఇది తప్పు అని నేర్చుకొనుటకు పుస్తకము వ్రాసి ఇచ్చినాడు. దూరముగా ఉన్నవారికి తెలుగు సరిగా రాదని మన చుట్టములు అప్పుడప్పుడు పరిహాసము చేయుదురు గదా. వారిని ఈ కళాశాల ముందు నిలిపి ఈ ఒక్క సంగతి చెప్పుడు, చాలును.

ఇదే కళాశాలలో 1909 నుండి కొన్ని ఏండ్లు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రము బోధించినారు. విశ్వవిద్యాలయ ఆవరణలో చిరకాలము ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము ఉండెడిది. ఇప్పుడది కోట్టూరుపురమునకు తరలినది. కర్నలు మెకంజీ ఊరూర వ్రాయించిన కైఫీయతులు, బ్రౌను దొరగారు కూర్పించిన తాళపత్ర గ్రంథములు అందులో చేరినవి. మెకంజీకి ఆ పనిలో కుడిభుజమైనవారు ఏలూరునుండి వచ్చిన కావలి సోదరులు. బ్రౌనుగారి తెలుగు నిఘంటువు 1852లో ఈ పట్టణముననే అచ్చైనది. తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబపు భాషలని ఎల్లిసు దొర మొదట అచ్చులో చెప్పినది కూడ 1816లో ఇక్కడ వెలువడిన క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలోనే. ఆ తరువాత నలువది ఏండ్లకు కాల్డువెలుగారు ఆ విషయమును విస్తరించి పెద్ద గ్రంథము వ్రాసినారు. కాల్డువెలు విగ్రహము ఈ ఒడ్డుననే ఉన్నది. 1968లో ప్రపంచ తమిళ మహాసభ జరిగినపుడు నిలిపిన విగ్రహములలో అదియు ఒకటి. భారతియారు విగ్రహము కూడ ఆనాటిదే. తెలుగు సొగసును తన పాటలో మెచ్చుకొన్న తమిళ కవి ఆయన. ఆయన విగ్రహమునకు ఒక నమస్కారము పెట్టుట మనకు ధర్మము.

ఈ భవనముల వెనుక పారుచున్నది బకింగ్‌హాము కాలువ. ఇప్పుడు దాని దగ్గరకు పోయి ముక్కు మూసుకొనకుండ నిలువలేము. పట్టణపు రైలు మార్గమునకు దానిలోనే స్తంభములు వేసినారు. అయినను దానిని పిల్లలకు చూపవలెను. ధాత కరువు నాడు, అనగా 1876 మొదలు 1878 వరకు జనము తిండిలేక పట్టణములోనికి వచ్చినపుడు వారికి కూలి కల్పించుటకై కూవము నుండి అడయారు వరకు కాలువ త్రవ్వించినారు. ఆ ముక్క కలియుటతో ఉత్తరమున కృష్ణా డెల్టా కాలువలనుండి దక్షిణమున మరక్కాణము దాక పడవ దారి ఏర్పడినది. నెల్లూరు సీమ నుండి ధాన్యము, వంటచెరకు, ఉప్పు ఈ దారినే పడవలలో వచ్చెడివి. తెరచాప ఎత్తి, గాలి లేనపుడు గట్టు మీద మనుష్యులు త్రాడు పట్టి లాగుకొనుచు వచ్చిన పడవలవి. మనలో కొందరి ముత్తాతలు పట్టణములో అడుగు పెట్టినది కూడ ఆ పడవలలోనే కావచ్చును. ఆ కాలువ నేడు మురికి కాలువయినది. దానిని ఎవరో పాడుచేసినారని వదలివేయుట సులభము. మన ఇండ్ల మురుగు ఎక్కడికి పోవుచున్నదో ఒకసారి విచారించుకొనుట మంచిది.

నడుచుచు తిరువల్లిక్కేణి ఎదుటికి వచ్చితిమి. స్వాతంత్ర్యము రాక మునుపు పట్టణములోని పెద్ద సభలకు ఈ ఇసుకయే వేదిక. 1919లో రౌలటు చట్టములను ప్రతిఘటించి గాంధీగారి పిలుపు వినబడినది ఇక్కడనే. 1930 ఏప్రిలులో ఉప్పు సత్యాగ్రహము జరిగినపుడు ఈ పట్టణములో ముందు నిలిచినవారు టంగుటూరి ప్రకాశముగారు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, దుర్గాబాయిగారు. ఆ నెలాఖరున ఈ ఒడ్డున చేరిన జనము మీద పోలీసులు విరుచుకుపడినారు, ప్రాణములు పోయినవి. నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టినది. 1914లో చెన్నపట్నమున దినపత్రికయై తెలుగుదేశమంతటికి వార్తలు మోసినది. అదియు పరాయి ఊళ్లలో పుట్టి పెరిగిన బిడ్డయే గదా.

ఇక్కడ ఒక బరువైన మాట చెప్పవలసి ఉన్నది. ఈ పట్టణము ఎవరిదన్న వాదము ఒకనాడు మన ఇండ్లలోను, వీధులలోను మంట పెట్టినది. ఈ ఒడ్డుకు దగ్గరలోనే, మైలాపురమున, పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో 1952 డిసెంబరు 15న ప్రాణము విడిచినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చినది. పట్టణము ఇటే ఉండిపోయినది. చాలమంది మూటలు కట్టుకొని వెళ్లినారు. మనవారు ఉండిపోయినారు. నిలిచినవారు ఓడినవారు కారు. ఇరుగుపొరుగు తమిళ సోదరులతో కలిసి ఇదే గాలి పీల్చి, ఇదే నీళ్ల కరువు అనుభవించి, ఇదే వానలో మునిగి బ్రతికినవారు. పట్టణము మాది అని దస్తావేజు చూపి ఎవరును ఒడ్డున నడువరు. నడిచినవారందరిదియు ఈ ఒడ్డు.

ఇంక ముందుకు సాగితే గుండ్రని ముఖముతో ఒక పాత భవనము కనబడును. 1842 నాటి మంచు కొట్టు. అమెరికా దేశమునుండి ఓడలలో మంచుగడ్డలు తెచ్చి ఇందులో దాచెడివారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి తిరిగి వచ్చి ఇందులో తొమ్మిది దినములు బస చేసినారు. ఆయన పేరనే ఇప్పుడది నడుచుచున్నది. దాని తరువాత 1914లో ఆడపిల్లల కొరకు పెట్టిన క్వీన్ మేరీస్ కళాశాల. అటుపై గాంధీగారి విగ్రహము. శ్రామికుల శిల్పము చేసిన చేతులే దీనిని కూడ చేసినవి. చివరకు దీపస్తంభము. ఈ పట్టణపు దీపము మొదట కోటలో వెలిగినది, తరువాత హైకోర్టు ఆవరణలోని స్తంభము మీద, ఆ తరువాత హైకోర్టు గుమ్మటము మీద వెలిగినది. 1977లో ఇక్కడికి వచ్చినది. దీపము కూడ ఇల్లు మారుచునే వచ్చినదన్న మాట. వెలుగు మాత్రము తప్పలేదు.

దీపస్తంభము దగ్గర నొచ్చికుప్పము మొదలైన బెస్తపల్లెలున్నవి. ఉదయమున వలలు విదల్చుచు, తెచ్చిన చేపలను అమ్ముచు వారు కనబడుదురు. కోట కట్టక మునుపటి నుండియు ఈ అలను ఎరిగినవారు వారే. 2004 డిసెంబరు 26, ఆదివారము ఉదయము, సునామీ వచ్చినపుడు మొదటి దెబ్బ తిన్నవారు కూడ వారే. నడకకు వచ్చినవారు, ఆడుకొనుచున్న పిల్లలు ఎందరో ఆనాడు తిరిగి ఇల్లు చేరలేదు. కనుక తల్లులకు మా మనవి: ఈ ఒడ్డున అల అందముగా కనబడును గాని కాలి క్రింద నేల ఒక్కసారిగా లోతగును, లోపలి లాగుడు బలముగా ఉండును. కాళ్లు తడుపుకొనుటతో తృప్తి పడుడు. ఈతకు దిగనీయకుడు. తిన్న పొట్లములు ఇసుకలో పారవేయకుడు.

ఇప్పుడు అసలు మాట. ఈ సభలోని పిల్లలలో తెలుగు మాటలాడని వారు లేరు. వ్రాయగలవారు ఎందరు? చేతులెత్తుమని మేము అడుగము. ఉగాది నాడు ఎవరిని చిన్నబుచ్చుట మాకు ఇష్టము లేదు. 2006లో వచ్చిన చట్టము తరువాత ఈ రాష్ట్రపు బడులలో తమిళము అందరును చదువవలసినదైనది. ఉన్న గడ్డ భాష నేర్చుట మంచిదే, మన పిల్లలు చక్కగా నేర్చుకొనుచున్నారు. అయితే తెలుగు బడిలో దొరకనపుడు ఇల్లే బడి కావలెను. ఇంటిలో తీరిక లేదందురా? బీచికి పోవుటకు తీరిక ఉన్నది గదా!

పూర్వము వీధిబడులలో పిల్లలకు ఇసుక పరచి అక్షరములు దిద్దించెడివారు. పలక లేదు, కాగితము లేదు. వ్రేలు, ఇసుక, అంతే. ఇంత ఇసుకను సముద్రము మనకు ఉచితముగా తెచ్చి పోసినది. నెలకు ఒక ఆదివారమైన, బంధువులు వచ్చినను రాకున్నను, నాలుగు కుటుంబములు కలిసి ఒడ్డునకు పోదము. తాతగారు చిన్నయసూరి కథ చెప్పవలెను. అమ్మమ్మగారు కాలువ పడవల కథ చెప్పవలెను. పిల్లలు తడి ఇసుక మీద వ్రేలితో అ ఆ ఇ ఈ దిద్దవలెను. పెద్దపిల్లలు తమ పేరు, తమ ఊరి పేరు తెలుగులో వ్రాయవలెను. అల వచ్చి చెరిపివేయును. చెరిపినందుకు నవ్వుకొని మరల వ్రాయవలెను. పదిసార్లు చెరిపిన అక్షరము పదకొండవసారికి చేతిలో నిలుచును.

ఈ పని మన సంఘము చేపట్టవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. ఖర్చు ఏమియు లేదు, బస్సు చార్జి, గుగ్గిళ్ల పొట్లము తప్ప. కార్యదర్శిగారు తేదీ నిర్ణయించినచో అందరికంటె ముందు వచ్చి నేపియరు వంతెన దగ్గర మేము నిలిచియుందుము.

కొత్త సంవత్సరము మీ ఇండ్ల సుఖశాంతులు నింపుగాక. మీ పిల్లల వ్రేళ్లకు తెలుగు అక్షరము అలవడుగాక. సెలవు.